బస్పా లోయ కరుగుదల నమూనా: పటంలో మంచు తగ్గాక నదిలో నీరెక్కడిది?

హిమరేఖ (రూర్కీ)

సభ్యులందరికీ నమస్కారం. నేను జలవిజ్ఞానంలో పరిశోధన విద్యార్థిని. హిమాచల్ ప్రదేశ్ కిన్నౌర్ జిల్లాలో కర్ఛం దగ్గర సట్లెజ్‌లో కలిసే బస్పా నది నా అధ్యయన ప్రాంతం. పరీవాహక విస్తీర్ణం సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు. లోయలో సాంగ్లా, రక్ఛం, చిత్కుల్ ఊళ్లున్నాయి. వాటికి పైనంతా మంచు, హిమానీనదాలు, బండరాయి.

మార్టినెక్ 1975లో ప్రతిపాదించిన మంచు కరుగుదల ప్రవాహ నమూనానే నేనూ వాడుతున్నాను. పరీవాహకాన్ని 500 మీటర్ల ఎత్తు మండలాలుగా విడగొట్టి, ఒక్కొక్క మండలంలో ఆ రోజు ఎంత భాగం మంచు కప్పి ఉన్నదో ఉపగ్రహ పటం నుంచి తీసుకుని, లోయలోని వాతావరణ కేంద్రం నమోదు చేసిన ఉష్ణోగ్రతను ఎత్తుకు తగ్గట్టు సవరించి, సున్నాకు పైన ఎన్ని డిగ్రీలుంటే దాన్ని డిగ్రీ-డే గుణకంతో (ఒక్కో డిగ్రీకి రోజుకు ఎన్ని సెంటీమీటర్ల నీరు కరిగి వస్తుందో చెప్పే అంకెతో) హెచ్చించి, వచ్చిన నీటిలో కొంత నష్టం తీసివేసి, మిగిలినదాన్ని ఆ రోజు ప్రవాహపు శేషంతో కలిపితే మర్నాటి ప్రవాహం వస్తుంది. ఎత్తుతో ఉష్ణోగ్రత తగ్గే రేటును కిలోమీటరుకు 6.5 డిగ్రీలుగా తీసుకున్నాను. మంచు పటాలు టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరానివి, ఎనిమిది రోజులకొకటి చొప్పున వాడాను.

నా ఇబ్బంది ఇది. ఏప్రిల్, మే నెలల్లో నమూనా ప్రవాహం కొలిచిన ప్రవాహం కంటే కొంచెం ఎక్కువగా వస్తోంది. జూన్ చివరి వారం నుంచి తలకిందులై, జులైలో బాగా తక్కువ పడుతోంది. పటంలో మంచు పైకి పైకి జరిగిపోతున్నా నది నిండుగానే పారుతోంది. డిగ్రీ-డే గుణకాన్ని జులైకి 0.9 సెంటీమీటర్లు చేస్తే రెండు గీతలూ చక్కగా అతుకుతున్నాయి, నాష్-సట్‌క్లిఫ్ సమర్థత (నమూనా అంచనా కొలతకు ఎంత దగ్గరో చెప్పే సూచీ, 1 అయితే సంపూర్ణం) కూడా 0.8 దాటింది. అయితే మంచుకు అంత గుణకం ఉండదని నాకు తెలుసు. ఫలితం బాగుంది కనుక అలాగే ఉంచవచ్చునా, లేక ఇది తప్పును దాచడమే అవుతుందా? పెద్దలు చెప్పగలరని కోరుతున్నాను.

పాతగేజి (విజయవాడ)

అమ్మా, మీరు ప్రశ్న అడిగిన తీరులోనే సగం జవాబు ఉంది. అలా ఉంచవద్దు.

ఈ నమూనాను రూపొందించినవారు మొదటి నుంచీ చెప్పిన మాట ఏమిటంటే, ఇందులోని గుణకాలను ప్రవాహానికి అతికేలా తిప్పుకుంటూ పోకూడదు. కొలతల నుంచి గాని, ఆ ప్రాంతపు భౌతిక పరిస్థితుల నుంచి గాని ముందే నిర్ణయించుకోవాలి. మంచు పాతబడుతూ సాంద్రత పెరుగుతున్న కొద్దీ గుణకం 0.35 దగ్గర మొదలై 0.6 దాకా పెరగడం సహజమే. 0.9 కావలసి వచ్చిందంటే మంచు కానిదేదో ఆ గుణకం వెనక నిలబడి నీళ్లిస్తున్నదని అర్థం.

సమర్థత 0.8 అన్న మాటకు కూడా మురిసిపోవద్దు. హిమాలయ నదులు ఏటా ఒకే తీరున, చలికాలంలో సన్నగిల్లి వేసవిలో ఉప్పొంగుతాయి. గత సంవత్సరాలలో ఏ తేదీన సగటున ఎంత పారిందో ఆ అంకెనే ఈ ఏడాది అంచనాగా రాసుకున్నా నాష్-సట్‌క్లిఫ్ సూచీ బాగానే వస్తుంది, ఎందుకంటే అది పోల్చేది ఏడాది మొత్తపు సగటుతో. మీ నమూనా గెలవవలసింది ఆ సగటుపై కాదు, తేదీ వారీ సగటుపై. ముందు ఆ లెక్క వేసి చూడండి.

ఇంకొక ప్రశ్న. మీ దగ్గరున్న ప్రవాహపు అంకెలు రోజుకు ఎన్నిసార్లు చదివినవి? దాని సంగతి తరవాత వివరంగా రాస్తాను.

గిరిజల (హైదరాబాదు)

నేను చాలా ఏళ్లు ఉపగ్రహ మంచు పటాలతో పనిచేసినవాణ్ణి. పటం వైపు నుంచి నాకు తోచినది చెబుతాను.

మంచును మేఘం నుంచి వేరుచేసి చూపే సూత్రం చాలా సరళమైనది. మంచు ఆకుపచ్చ కాంతిని బాగా పరావర్తనం చేస్తుంది, లఘుతరంగ పరారుణ కాంతిని దాదాపు మింగేస్తుంది. మేఘం రెండింటినీ పరావర్తనం చేస్తుంది. ఈ రెండు పరావర్తనాల భేదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సూచీ 0.4 దాటితే ఆ పిక్సెల్‌ను మంచుగా లెక్కించడం ఆనవాయితీ. అయితే మేఘం కింద ఏముందో ఈ పద్ధతి చూడలేదు. అందుకే మీరు వాడిన ఎనిమిది రోజుల పటం పుట్టింది: ఆ ఎనిమిది రోజుల్లో ఒక్కరోజు మంచు కనిపించినా ఆ పిక్సెల్‌ను మంచుగానే రాస్తారు. అంటే అది గరిష్ఠ విస్తీర్ణపు పటం. కరుగుదల వేగంగా ఉన్న రోజుల్లో అది నిజానికి మించిన మంచును చూపిస్తుంది.

దీన్ని జాగ్రత్తగా గమనించండి. మీ పటం ఇప్పటికే ఎక్కువ మంచును చూపిస్తోంది, అయినా జులైలో మీ నీరు తక్కువ పడుతోంది. కాబట్టి లోటు విస్తీర్ణంలో లేదు. మరి ఎక్కడుంది?

నా అనుమానం హిమానీనదాల మీద. జులైకల్లా శీతాకాలపు మంచు కరిగి, కింది నుంచి పాత హిమానీ గడ్డ బయటపడుతుంది. పైన మట్టీరాళ్లూ లేని శుభ్రమైన గడ్డకు కూడా ఈ సూచీ ఎక్కువగానే ఉంటుంది, కనుక మోడిస్ దాన్ని మంచు అనే రాస్తుంది. కానీ గడ్డ తాజా మంచు కంటే ముదురు రంగులో ఉండి ఎక్కువ సూర్యరశ్మిని పీల్చుకుంటుంది. గఢ్వాల్‌లోని డోక్రియాని హిమానీనదం మీద చేసిన కొలతల్లో, అదే ఉష్ణోగ్రత దగ్గర, శుభ్రమైన మంచు కంటే ధూళి పట్టిన మంచు, దానికంటే గడ్డ ఎక్కువగా కరుగుతాయని తేలింది. గడ్డకు 0.7, 0.8 సెంటీమీటర్ల గుణకం వాడటం వింతేమీ కాదు. మీ 0.9లో కొంత భాగం గడ్డదే.

మరో చిక్కు కూడా ఉంది. హిమానీనదపు కింది భాగం మీద రాళ్లు, మట్టి పరచుకుని ఉంటే మోడిస్‌కు అది మామూలు నేలలాగే కనిపిస్తుంది. మీ లెక్కలో అక్కడ కరుగుదల సున్నా. నిజానికి ఆ పొర పలుచగా ఉంటే కరుగుదల పెరుగుతుంది, కొన్ని సెంటీమీటర్లు దాటితే దుప్పటి కప్పినట్టు తగ్గుతుంది; అయినా సున్నా మాత్రం కాదు. బస్పా పరీవాహకంలోని 19 హిమానీనదాలను 1962 పటాలతోనూ 2001 ఉపగ్రహ చిత్రాలతోనూ పోల్చినప్పుడు వాటి విస్తీర్ణం సుమారు 19 శాతం తగ్గిందని తేలింది. గడ్డ నుంచి మీ నదికి నీరు చేరుతోందనడానికి అంతకంటే సాక్ష్యమేం కావాలి?

కృష్ణాతీరం (అవనిగడ్డ)

నేను ఈ శాస్త్రం చదివినవాణ్ణి కాదు, వ్యవసాయం చేసేవాణ్ణి. ఆసక్తితో చదువుతున్నాను. మా వైపు మంచు అంటే ధనుర్మాసంలో పొద్దున్నే కాలవ గట్టు మీద కమ్ముకునే పొగమంచు, లేదా గడ్డి మీద పడే చినుకు. మీరు ఒకే పోస్టులో మంచు, గడ్డ, హిమానీనదం అన్నారు. తేడా చెబితే నాలాంటివారికి సుళువవుతుంది.

ఇంకో సందేహం. పైనుంచి ఫోటో తీస్తే మంచు ఎంత మేర పరచుకుందో తెలుస్తుంది, ఒప్పుకుంటాను. కళ్లంలో ఆరబోసిన వడ్లను మేడ మీద నుంచి చూస్తే ఎంత మేర ఆరబోశారో తెలుస్తుంది గాని, ఎన్ని బస్తాలో తెలియదు కదా? అరడుగు మందమైనా అదే వెడల్పు, రెండు వేళ్ల మందమైనా అదే వెడల్పు. ఆ మందం తెలియకుండా నీళ్ల లెక్క ఎలా కడుతున్నారు?

గిరిజల (హైదరాబాదు)

కృష్ణాతీరం గారూ, మీరడిగినది ఈ విషయం మొత్తానికి మూలమైన ప్రశ్న.

ముందు మాటల సంగతి. ఈ చర్చలో ఆకాశం నుంచి రేకులుగా రాలి నేల మీద పేరుకునేదాన్ని మంచు అందాం. ఏళ్ల తరబడి పేరుకుని, తన బరువుకు తానే నొక్కుకుని గట్టిపడి, లోయలోకి మెల్లగా జారుతూ వచ్చేది హిమానీనదం. దాని శరీరం గడ్డ. మీ కాలవ గట్టు మీదిది పొగమంచుగానే ఉండనిద్దాం.

ఇక వడ్ల సంగతి. మందం నేరుగా తెలియదు, నిజమే. సూక్ష్మతరంగాలతో మందం అంచనా కట్టే ఉపగ్రహాలు ఉన్నాయి గాని, వాటి ఒక్కో పిక్సెల్ పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక్క పిక్సెల్‌లోనే లోయా, శిఖరమూ, అడవీ, హిమానీనదమూ అన్నీ పడతాయి. పైగా మంచు లోతు పెరిగిన కొద్దీ ఆ సంకేతం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది, మంచు తడిసిందంటే అసలే మొరాయిస్తుంది. మైదానాలకు పనికివచ్చే ఆ పద్ధతి హిమాలయాల్లో నిలవలేదు.

కానీ కళ్లంలో వడ్లను కూలీలు రోజుకు ఇన్ని బస్తాలని ఎత్తుతున్నారనుకోండి. ఎక్కడ ముందుగా నేల బయటపడిందో అక్కడ పొర పలుచన. ఎక్కడ చివరిదాకా వడ్లు మిగిలాయో అక్కడ మందం. రోజువారీ ఎత్తిన బస్తాలను వెనక్కి కూడుకుంటూ పోతే మొదట ఎంత ఉండేదో తేలుతుంది. మేమూ అదే చేస్తాం. ఒక పిక్సెల్‌లో మంచు ఏ రోజు మాయమైందో ఉపగ్రహం చెబుతుంది. మార్చి నుంచి ఆ రోజు దాకా అక్కడ కరిగే వీలున్న మంచును రోజువారీగా కూడితే, మార్చిలో అక్కడ ఎంత నీరు మంచు రూపంలో నిలవుందో వస్తుంది. దీని లోపం ఒక్కటే: సీజను ముగిసాక గాని లెక్క తేలదు. ముందుగా చెప్పాలంటే, గత సంవత్సరాలలో మంచు ఏ వేగంతో తగ్గిందో చూపే క్షీణత రేఖలను దగ్గర పెట్టుకుని, ఈ ఏడాది ఏప్రిల్‌లో కనిపిస్తున్న తీరు వాటిలో దేనికి దగ్గరగా ఉన్నదో చూసి ముందుకు పొడిగిస్తాం.

శక్తితుల్యం (జ్యూరిక్)

చర్చ బాగా సాగుతోంది. నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం: అసలు డిగ్రీ-డే పద్ధతినే ప్రశ్నించాలని.

మంచును కరిగించేది ఉష్ణోగ్రత కాదు, శక్తి. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచు నీరు కావడానికి 334 కిలోజౌళ్లు కావాలి. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీరు రావాలంటే 10 కిలోల మంచు కరగాలి, అంటే 3,340 కిలోజౌళ్లు. రోజంతటికీ సగటున పరిస్తే చదరపు మీటరుకు సుమారు 39 వాట్లు. జూన్ మధ్యాహ్నం నిర్మలాకాశం కింద అంత ఎత్తున పడే ఎండ వెయ్యి వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. తాజా మంచు అందులో 80 నుంచి 90 శాతాన్ని తిప్పికొడుతుంది. పాతబడి ధూళి పట్టిన మంచు సగమే తిప్పికొడుతుంది. అంటే థర్మామీటరు ఒకే అంకె చూపిస్తున్నా, ఒక మంచు ఇంకొకదానికంటే రెండింతలకు మించి శక్తిని పీల్చుకోవచ్చు. ఆ తేడా అంతటినీ ఒకే గుణకంలో కూర్చి, అది మారినప్పుడల్లా ఆశ్చర్యపోవడం సరికాదు.

ఎత్తైన పొడి ప్రాంతాలలో మరొక సంగతి ఉంది. గాలి పొడిగా, వేగంగా వీచేచోట మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. దానికి కిలోకు సుమారు 2,834 కిలోజౌళ్లు, అంటే కరగడానికి పట్టేదానికి ఎనిమిదింతలకు పైగా ఖర్చవుతుంది. బస్పాకు ఉత్తరాన ఉన్న స్పితిలో వసంతకాలపు శక్తిలో ఒక భాగం అలా పోతుంది. నదికి ఒక్క చుక్కా చేరదు, మంచు మాత్రం తగ్గుతుంది. బస్పా ఎగువ మండలాల్లో కూడా ఏప్రిల్‌లో కొంత ఇలా జరుగుతూ ఉండవచ్చు. మీ నమూనా ఏప్రిల్‌లో ఎక్కువ చూపించడానికి అదొక కారణం కావచ్చు.

వాన విషయంలోనూ చాలామంది పొరబడతారు. వెచ్చని వాన పడి మంచును కరిగించేసిందంటారు. 10 డిగ్రీల వాన 10 మిల్లీమీటర్లు పడిందనుకోండి. ఆ నీరు సున్నాకు చల్లబడుతూ ఇచ్చే వేడి చదరపు మీటరుకు 420 కిలోజౌళ్లు. దానితో కరిగేది 1.26 మిల్లీమీటర్లు మాత్రమే. వాన రోజుల్లో మంచును నిజంగా కరిగించేది వాన వెంట వచ్చే తేమ గాలి. ఆ తేమ చల్లని మంచు మీద ఘనీభవించినప్పుడు, కిలో ఆవిరికి సుమారు 2,500 కిలోజౌళ్లు విడుదలవుతాయి. అది ఏడు కిలోలకు పైగా మంచును కరిగించగలదు.

పాతగేజి (విజయవాడ)

శక్తితుల్యం గారి లెక్కలతో నాకు పేచీ లేదు. అమలు దగ్గరే మా దారులు వేరవుతాయి. శక్తి సమతుల్యం కట్టాలంటే వికిరణం, గాలి వేగం, తేమ, మేఘావరణం, మంచు పరావర్తనం అన్నీ ప్రతి మండలానికీ కావాలి. 5,000 మీటర్ల ఎత్తున గాలి వేగం ఎవరు కొలుస్తున్నారు? పునర్విశ్లేషణ దత్తాంశాలు (కొలతలను వాతావరణ నమూనాతో కలిపి కట్టిన అంకెలు) ఉన్నాయంటారు. వాటిలో ఒకటైన ఈఆర్‌ఏ5 గడి సుమారు 31 కిలోమీటర్లు. దాని భూతల రూపం కూడా 9 కిలోమీటర్లు. బస్పా లోయ వెడల్పు ఆ గడిలో ఎక్కడ ఉంటుంది? లోపలికి పోయే ప్రతి అంకే ఊహించినదైతే, సూత్రం ఎంత నిక్కచ్చిదైనా ఫలితం ఊహే. డిగ్రీ-డే మొరటుదే గాని, దాని తప్పు ఎక్కడుందో వెతకవచ్చు.

ఇక నేను చెబుతానన్న గేజి సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఒక హిమాలయ ఉపనది మీది కొలత కేంద్రానికి పంపారు. ఏ నది, ఏ శాఖ అన్నది ఇక్కడ అనవసరం. రాతి గోడకు బిగించిన కొలబద్ద ఒకటి, ఒక పుస్తకం, దానిలో ప్రతిరోజూ ఉదయం 8 గంటల మట్టం. ఒక జూన్‌లో ఇద్దరం రాత్రంతా మేలుకుని, లాంతరు పట్టుకుని, గంటకొకసారి మట్టం రాశాం. మధ్యాహ్నం దాకా నీరు స్వచ్ఛంగా, కింది రాళ్లు కనిపించేంతగా ఉంది. సాయంత్రమయ్యేసరికి రంగు మారి, బురద తిరిగి, గట్టు పక్కనున్న ఒక బండ మునిగిపోయింది. రాత్రి మెల్లగా తీసి, తెల్లారాక మళ్లీ ఆ బండ తేలింది. పొద్దున ఎండకు పైన కరిగిన నీరు మా దగ్గరికి చేరేసరికి సాయంత్రమవుతోందన్న మాట. 8 గంటలకు చదివిన మట్టం రోజులో అతి తక్కువ మట్టానికి దగ్గరగా ఉంది. ఏళ్ల తరబడి పుస్తకంలోకి ఎక్కిన ప్రవాహం అంతా వేసవిలో నిజం కంటే తక్కువే.

అమ్మా, ఇది మీకు వ్యతిరేకంగా పనిచేస్తుందని ముందే చెబుతున్నాను. మీ కొలత కూడా రోజుకొకసారి ఉదయం చదివినదైతే, జులైలో అసలు ప్రవాహం మీరు అనుకుంటున్నదానికంటే ఇంకా ఎక్కువ. లోటు తగ్గదు, పెరుగుతుంది. అయినా ముందు అది తేల్చుకోవాలి.

మంచు మందం గురించి కృష్ణాతీరం గారికి ఒక మాట. చేత్తో కొలిచే పద్ధతి ఇప్పటికీ అన్నిటికంటే నమ్మదగినది. అడ్డుకోత 50 చదరపు సెంటీమీటర్లున్న గొట్టాన్ని నేల తగిలేదాకా మంచులో దించి, పైకి తీసి, తరాజుకు వేలాడదీయాలి. 90 సెంటీమీటర్ల లోతు మంచు 1,575 గ్రాములు తూగిందంటే, అందులో 31.5 సెంటీమీటర్ల నీరుందని, సాంద్రత 0.35 అని తెలుస్తుంది. అప్పుడే పడ్డ మంచు 0.1 దగ్గర ఉంటుంది, వసంతానికి 0.3 దాటి 0.5 దాకా పోతుంది. అంటే లోతు సగమైనా నీరు అంతే ఉండవచ్చు. వేళ్లు కొంకర్లు పోతుండగా ఆ ముల్లు స్థిరపడేదాకా కదలకుండా నిలబడటం కష్టమైన పని. ఎన్ని ఉపగ్రహాలు వచ్చినా ఆ పని చేసేవాళ్ల అవసరం తీరలేదు.

హిమరేఖ (రూర్కీ)

అందరికీ కృతజ్ఞతలు. పాతగేజి గారూ, మీరు అనుమానించినట్టే నా దగ్గరున్న పాత సంవత్సరాల అంకెలు రోజుకొక్కసారి చదివినవి. తరవాతి సంవత్సరాలకు గంటవారీ దత్తాంశం దొరికింది. ఇకపై వాటినే వాడతాను.

మీరంతా చెప్పినవాటిలో ఒకటి నేను స్వయంగా తేల్చుకోవాలని, ఉష్ణోగ్రత తగ్గుదల రేటుతో చిన్న లెక్క కట్టి చూశాను. ఉదాహరణకు 4,000-4,500 మీటర్ల మండలం 1,000 చదరపు కిలోమీటర్లున్నదని, 3,000 మీటర్ల దగ్గర సగటు ఉష్ణోగ్రత 14 డిగ్రీలని, మంచు 60 శాతమని, గుణకం 0.5 అని, నష్టం పోగా నదికి చేరేది 70 శాతమని అనుకున్నాను. కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గితే మండలం సగటు ఎత్తు దగ్గర 5.9 డిగ్రీలుంటుంది, సుమారు 143 క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) వస్తాయి. 5.5 డిగ్రీలే తగ్గితే అక్కడ 7.1 డిగ్రీలుంటుంది, 173 క్యూమెక్కులు వస్తాయి. ఒక్క డిగ్రీ తేడాకు ప్రవాహంలో 21 శాతం తేడా! ఆ రేటును నేను పాఠ్యపుస్తకంలో చూసి అలాగే పెట్టేశాను.

గిరిజల (హైదరాబాదు)

ఇక్కడే మీ చిక్కుముడిలో పెద్ద పోగు దొరికింది. వానాకాలానికి ముందు పొడిగాలి ఉన్నప్పుడు హిమాలయాల్లో ఎత్తుతో ఉష్ణోగ్రత త్వరగా పడిపోతుంది. జులైలో తేమ గాలి పైకి లేచి ఘనీభవిస్తూ వేడిని విడుదల చేస్తుంది కనుక పైన కూడా కొంచెం వెచ్చగా ఉంటుంది, రేటు తగ్గుతుంది. ఏడాదంతా 6.5 అని స్థిరంగా పెడితే, మే నెలలో పైమండలాలు ఉన్నదానికంటే వెచ్చగా, జులైలో ఉన్నదానికంటే చల్లగా లెక్కలోకి వస్తాయి. మేలో ఎక్కువ నీరు, జులైలో తక్కువ నీరు. మీ మొదటి పోస్టులో చెప్పిన తప్పు సరిగ్గా ఇదే ఆకారంలో ఉంది.

కాబట్టి నెలవారీ రేట్లు పెట్టండి. హిమానీనదపు హద్దులను వేరే పటం నుంచి తీసుకుని, ఆ హద్దుల లోపల మంచురేఖకు (మంచు కప్పిన భాగపు కింది అంచుకు) కింద బయటపడ్డ భాగానికి గడ్డ గుణకం, మట్టీరాళ్లు కప్పిన భాగానికి తక్కువ గుణకం వాడండి. గుణకాలను నిర్ణయించేటప్పుడు ప్రవాహాన్ని చూడకండి. ముందు నమూనా చెప్పే మంచురేఖ, ఉపగ్రహం చూపే మంచురేఖ కలుస్తున్నాయా అని చూడండి. ప్రవాహాన్ని చివరి పరీక్షగా మాత్రమే ఉంచండి.

ఈ జాగ్రత్త ఎందుకంటే, ఇది మీ సిద్ధాంతగ్రంథంతో ఆగిపోయే సంగతి కాదు. సట్లెజ్ మీది భాక్రా జలాశయానికి ఏడాది పొడవునా చేరే నీటిలో సగటున 59 శాతం మంచు, హిమానీనదాల నుంచి వస్తున్నదని 2002లో ప్రచురితమైన అధ్యయనం లెక్కగట్టింది. అక్కడ జలాశయం నింపే కాలం మే 21న మొదలై సెప్టెంబరు 20 దాకా సాగుతుంది. వేసవిలో ఎంత నీరు వస్తుందో ఏప్రిల్‌లోనే తెలిస్తే పంజాబ్, హరియాణా, రాజస్థాన్ కాలవలకు నీటిని పంచడం సాధ్యమవుతుంది. సట్లెజ్ మీద ఉపగ్రహ మంచు పటాలతో ఏప్రిల్-జూన్ నీటి రాకను ముందే చెప్పే పని 1980లలోనే హైదరాబాదులోని మా నగరపు రిమోట్ సెన్సింగ్ సంస్థలో మొదలైందని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది. మంచు ఎరగని దక్కను పీఠభూమి మీద కూర్చుని కిన్నౌర్ మంచును లెక్కపెట్టారు.

మరో హెచ్చరిక. ప్రధాన నది మీదికి వెళ్లినప్పుడు, 2005 జూన్ 26 లాంటి రోజులను గుణకాల నిర్ణయంలోంచి తీసివేయండి. 2004లో టిబెట్‌లో కొండచరియ పడి పారేచూ నది మీద ఏర్పడిన సరస్సు ఆ రోజు తెగి, స్పితి మీదుగా సట్లెజ్‌లోకి దూకింది. ఆ నీటికి ఉష్ణోగ్రతతో సంబంధం లేదు. దానికి కూడా అతికేలా గుణకాలు తిప్పితే మిగతా రోజులన్నీ చెడతాయి.

శక్తితుల్యం (జ్యూరిక్)

నెలవారీ రేటు, గడ్డకు వేరే గుణకం అన్న సలహాలను నేనూ సమర్థిస్తాను. పాతగేజి గారు చెప్పిన దత్తాంశ లోటు వాస్తవమే. మధ్యేమార్గం ఒకటుంది: డిగ్రీ-డే లెక్కకే సూర్యరశ్మి పదాన్ని ఒకదాన్ని చేర్చడం. ఏ వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఏ గంటకు ఏ కొండ నీడ పడుతుంది అన్నది భూతల ఎత్తు పటం నుంచే లెక్కగట్టవచ్చు, కొత్త కొలత ఏదీ అక్కరలేదు. బస్పా లోయ ఆగ్నేయం నుంచి వాయవ్యానికి సాగుతుంది కనుక దాని రెండు వాలుల మీద మంచు ఒకే రోజు పోదు. ఒకే ఎత్తు మండలంలో ఉన్నాయని ఆ రెండింటినీ కలిపి లెక్కించడం నాకు మొదటి నుంచీ ఇబ్బందిగా ఉంది.

కృష్ణాతీరం (అవనిగడ్డ)

చదువుతుంటే మా కృష్ణమ్మ గుర్తొచ్చింది. మాకు పైన వాన పడితేనే నీరు. పడకపోతే ఆల్మట్టి, శ్రీశైలం, సాగర్ నిండేదాకా ఎదురుచూపే. చలికాలంలో పడ్డ నీటిని కొండ మీదే దాచిపెట్టి, ఎండలు ముదిరినప్పుడు వదిలే ఏర్పాటు ఆ రైతులకు ఉంది. ఆ దాచినదానిలో ఎంతుందో ఎవరూ తూచకుండా వదిలేయకూడదు. ఆ అమ్మాయి పని పూర్తయ్యాక ఏమైందో తప్పక రాయాలి.

హిమరేఖ (రూర్కీ)

మూడు నెలల తరవాత మళ్లీ రాస్తున్నాను.

నెలవారీ తగ్గుదల రేట్లు పెట్టాను. హిమానీనదాల హద్దులు వేరుచేసి గడ్డకు, మట్టి కప్పిన గడ్డకు వేరే గుణకాలు ఇచ్చాను. ఎనిమిది రోజుల పటాన్ని వదిలి, టెర్రా, ఆక్వా ఉపగ్రహాల రోజువారీ పటాలను కలిపి, మేఘం కప్పిన పిక్సెల్‌ను దాని ఎత్తు, ముందువెనకల రోజుల స్థితిని బట్టి పూరించాను. ఉత్తరపు వాలును, దక్షిణపు వాలును రెండు మండలాలుగా చేశాను. గుణకాలన్నీ మంచురేఖను చూసి నిర్ణయించాక, అప్పుడు మొదటిసారి ప్రవాహంతో పోల్చాను.

సమర్థత సూచీ మునుపటికంటే కొంచెం తగ్గింది. కానీ మే నెల మిగులు, జులై లోటు రెండూ చాలావరకు పోయాయి. ఏ సంవత్సరాలను ముందు చూడలేదో వాటిలోనూ అదే తీరు. తేదీ వారీ సగటు కంటే నమూనా మెరుగ్గానే ఉంది. ముఖ్యంగా మంచు తక్కువ పడిన సంవత్సరాలలో. మా ఆచార్యులు తగ్గిన సూచీని చూసి మొదట ముఖం చిట్లించారు. 0.9 గుణకం పక్కన కొత్త గుణకాలను పెట్టి చూపించాక ఒప్పుకున్నారు.

ఇప్పుడు మిగిలిన చిక్కు సెప్టెంబరు. చల్లబడ్డాక నమూనా ప్రవాహం గబుక్కున పడిపోతోంది, నది మాత్రం నెమ్మదిగా తగ్గుతోంది.

పాతగేజి (విజయవాడ)

సెప్టెంబరుకు కారణం పైన వెతకకండి, కింద వెతకండి. వేసవిలో కరిగిన నీటిలో కొంత మొరైను (హిమానీనదం తెచ్చి పోసిన) రాళ్ల సందుల్లోకి, ఒండ్రులోకి ఇంకి, నెలల తరబడి ఊటగా వస్తుంది. మీరు వాడుతున్న క్షయ గుణకం (ఒక రోజు ప్రవాహంలో మర్నాటికి ఎంత భాగం మిగులుతుందో చెప్పేది) జులై ప్రవాహాల నుంచి తీసినదై ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పైన ఏమీ కరగనప్పుడు బస్పా రోజుకు ఎంత తగ్గుతోందో చూసి, తక్కువ ప్రవాహాలకు ఆ గుణకాన్ని వేరుగా నిర్ణయించండి. సూత్రంలోనే ఆ గుణకం ప్రవాహాన్ని బట్టి మారాలని ఉంది. చాలామంది దాన్ని స్థిరంగా పెట్టేస్తారు.

హిమరేఖ (రూర్కీ)

అవునండీ, నేనూ స్థిరంగానే పెట్టాను. అక్టోబరులో చిత్కుల్ వెళ్తున్నాను. నీటిమట్టాన్ని పావుగంటకొకసారి నమోదు చేసే చిన్న పరికరం ఒకటి వంతెన కింద బిగించి, లోయ పైభాగంలో వేర్వేరు ఎత్తుల దగ్గర మూడు ఉష్ణోగ్రత పరికరాలు పెట్టి వస్తాను. మార్చిలో మళ్లీ వెళ్లేటప్పుడు గొట్టం, తరాజు తీసుకువెళ్తాను. జనవరి గీత రాగానే ఇక్కడే పెడతాను.